నాలుగు గొంతుల పాట – సర్ హోవర్డ్ మారిసన్ జీవిత కథ

ఆక్లండ్ నగరానికి దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో పుకెకోహె అనే ఊరున్నది. ఎర్రమట్టి నేల. ఉల్లిపాయలకు, బంగాళాదుంపలకు పేరుపడ్డ ఊరు. ఈ దేశానికి తొలినాళ్ళలో వచ్చిన భారతీయులు కొందరు ఆ నేలలో చెమటోడ్చి కూరగాయలు పండించి, పిల్లలను పెంచి పెద్దచేసుకున్నారు. 1926వ సంవత్సరంలో ఆ ఊరిలోనే శ్వేత న్యూజిలాండ్ లీగ్ అనే సంఘం ఒకటి వెలసింది. భారతీయులు, చైనీయులు ఈ దేశంలో స్థిరపడకుండా అడ్డుకోవాలన్నది దాని ఆశయం. ఈ నేలకు మొదటి హక్కుదారులైన మావోరీలకు కూడా ఆ ఊరిలో గౌరవం దక్కేది కాదు. కొన్ని క్షౌరశాలల్లో వారికి క్షవరం చేసేవారు కారు. సినిమా హాలులో మేడమీద కూర్చోనిచ్చేవారు కారు.

1960లో ఆ పుకెకోహె టౌన్ హాలులోనే నలుగురు మావోరి యువకులు వేదికమీద నిలబడి ఒక హాస్యగీతం పాడారు. హాలంతా విరగబడి నవ్వింది. ఆ నవ్వులతో సహా ఆ పాటను రికార్డు చేసి దేశమంతటా అమ్మారు. ఆ పాటలోని విషయం మాత్రం నవ్వవలసినది కాదు. ఒంటి రంగును బట్టి మనిషిని ఆటలోంచి తీసివేయడాన్ని గురించిన పాట అది.

ఆ నలుగురి బృందానికి నాయకుడు హోవర్డ్ మారిసన్. ఈ దేశంలో పుట్టి పెరిగిన మన పిల్లలు ఆయన పేరు విన్నవారే. ఆయన పాడిన భక్తిగీతాన్ని పాఠశాలలో నేర్చుకున్నవారూ ఉంటారు. కాని ఆయన ఎవరు, ఎక్కడినుండి వచ్చారు, ఆయన పాటకూ మనకూ ఏమి సంబంధం అన్నది పెద్దలమైన మనలో చాలామందికి తెలియదు. ఆ కథ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బాల్యం, చదువు

హోవర్డ్ లెస్లీ మారిసన్ 1935వ సంవత్సరం ఆగస్టు 18వ తేదీన రోటొరువాలో జన్మించారు. రోటొరువా పట్టణం చూడనివారు మనలో అరుదు. స్వదేశంనుండి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మనమందరం వారిని తీసుకువెళ్ళేది అక్కడికే. నేలలోంచి ఆవిరులు, సలసల కాగే బురద గుంటలు, గంధకపు వాసన, నడుమ విశాలమైన సరస్సు. ఆ సరస్సు ఒడ్డున ఓహినెముటు అనే పల్లె ఉన్నది. తె అరావా అనే మావోరి తెగవారి నివాసం అది. హోవర్డ్ ఆ తెగకు చెందినవారు.

తండ్రి తెముయెరా మారిసన్ మావోరి వ్యవహారాల శాఖలో ఉద్యోగి. మావోరి రగ్బీ జట్టుకు ఆడిన క్రీడాకారుడు కూడా. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు దీని అవసరం వస్తుంది. తల్లి సంగీత ప్రియురాలు. ఇంట్లో పాట లేని రోజు లేదు. తండ్రి ఉద్యోగరీత్యా హోవర్డ్ బాల్యంలో కొంతకాలం ఉరెవెరా కొండల నడుమ ఉన్న రువాటాహునా అనే మారుమూల పల్లెలో గడిచింది.

తరువాత హాక్స్ బే ప్రాంతంలోని తె ఔతె కళాశాలకు పంపారు. అది మావోరి బాలుర కోసం నడిచిన ప్రసిద్ధమైన వసతి పాఠశాల. మావోరీలలో మంత్రులుగా, వైద్యులుగా, పండితులుగా పేరుపొందిన తొలితరం పెద్దలు ఎందరో అక్కడ చదివినవారే. హోవర్డ్ అక్కడినుండి డాక్టరుగానో ప్లీడరుగానో బయటికి రాలేదు. చదువు ముగిశాక మాంసం శుద్ధిచేసి నిలవచేసే కర్మాగారంలో కూలిపని చేశారు. ఆ తరువాత సర్వే శాఖవారి వెంట భూమి కొలిచే గొలుసు పట్టుకొని కొండలూ గుట్టలూ తిరిగారు. పగలు గొలుసు, సాయంత్రం పాట. పెళ్ళిళ్ళలో, రగ్బీ క్లబ్బుల విందులలో, ఎక్కడ పదిమంది చేరితే అక్కడ పాడేవారు.

నాలుగు గొంతులు ఒకటైన విధం

ఇక్కడ ఆ కాలపు సంగీతాన్ని గురించి నాలుగు మాటలు చెప్పాలి. అమెరికాలో 1940, 1950 దశాబ్దాలలో నీగ్రో యువకులు, అంటే ఈనాడు మనం ఆఫ్రికన్ అమెరికన్లు అని గౌరవంగా పిలుచుకొనేవారు, ఒక కొత్త పాట పద్ధతిని రూపొందించారు. బాల్టిమోర్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ వంటి నగరాలలో వాయిద్యాలు కొనే స్తోమత లేని కుర్రవాళ్ళు వీధి మొగలలో, మెట్లకింద, ఎక్కడ గొంతు బాగా మోగితే అక్కడ చేరి పాడేవారు. ఒకడు పాట ఎత్తుకుంటాడు. మరొకడు అడుగున బరువైన గొంతుతో తాళం నడుపుతాడు. మిగిలినవారు నడుమ స్వరాలు నింపుతారు. వాయిద్యాలు లేని లోటు తీర్చడానికి అర్థంలేని అక్షరాలు పలికేవారు. అటువంటి అక్షరాలనుండే ఆ పద్ధతికి డూ-వాప్ అని పేరు వచ్చింది. ఓరియోల్స్, ప్లాటర్స్ మొదలైన బృందాలు ఆ పద్ధతిలో లోకప్రసిద్ధి పొందాయి.

మనకు ఇది బొత్తిగా కొత్త కాదు. బుర్రకథలో కథకుడు తంబురా మీటుతూ కథ నడుపుతూంటే, ఇరుపక్కల వంతలు తందాన తాన అంటూ అందుకుంటారు. ఆ తందానకు నిఘంటువులో అర్థం వెదకనక్కరలేదు. అది లేకపోతే మాత్రం కథ సాగదు. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. మన వంతలు పాడేది ఒకే స్వరం. అమెరికా బృందాలలో నలుగురూ నాలుగు వేర్వేరు స్వరాలు ఒకే క్షణంలో పలికి వాటిని ఒకటిగా కలుపుతారు. మావోరీలకు ఈ విద్య క్రైస్తవ ప్రార్థనా గీతాల ద్వారా ఎప్పుడో అబ్బింది. ఏ పల్లెలోనైనా పదిమంది మావోరీలు పాట ఎత్తుకుంటే ఎవరి స్వరం వారు తమంతట తామే పట్టుకొంటారు. ఎవరూ నేర్పనక్కరలేదు. కనుక అమెరికా బృందాల రికార్డులు ఈ దేశానికి వచ్చినప్పుడు, అవి మావోరి కుర్రవాళ్ళ చెవికి చుట్టాల పాటల్లాగే వినిపించి ఉంటాయి.

1950 దశాబ్దం మధ్యలో హోవర్డ్, ఆయన తమ్ముడు లారీ, దాయాది జాన్ మారిసన్, స్నేహితుడు జెరీ మెరిటో కలిసి పాడడం మొదలుపెట్టారు. మెరిటో చేతిలో గిటారు. గిటారు తీగలను ఒక ప్రత్యేకమైన ఊపుతో కొట్టడం మావోరి విందులలో పరిపాటి. ఆ ఊపును వేదికమీదికి తెచ్చినవాడు మెరిటో. కొంతకాలానికి లారీ, జాన్ తప్పుకోగా వారి స్థానంలో వీ ఫరెకురా, నోయెల్ కింగీ చేరారు. హోవర్డ్, మెరిటో, ఫరెకురా, కింగీ – ఈ నలుగురే హోవర్డ్ మారిసన్ క్వార్టెట్ పేరుతో దేశమంతటా ప్రసిద్ధులైనవారు.

ఆక్లండ్‌లో కచేరీలు నిర్వహించే బెన్నీ లెవిన్ వీరిని చేరదీసి నగరానికి పరిచయం చేశారు. 1958లో ఎల్డ్రెడ్ స్టెబింగ్‌కు చెందిన జోడియాక్ కంపెనీ వారి మొదటి రికార్డు విడుదల చేసింది. దానిమీద ఉన్న రెండు పాటలూ అమెరికా గాత్రబృందాలు అంతకుముందే పాడినవి. అంటే మొదట్లో వీరు చేసినది అనుకరణే. అందులో తప్పేమీ లేదు. సంగీతం నేర్చేవారెవరైనా ముందు గురువు పాడినట్టే పాడతారు.

మాతృభాషలో పాట

తేడా త్వరలోనే వచ్చింది. వారు పొకరెకరె అన, హొకి మై అనే మావోరి పాటలను తమ పద్ధతిలో పాడి రికార్డు చేశారు. మొదటిది మొదటి ప్రపంచయుద్ధ కాలంనాటి ప్రేమగీతం. శిబిరాలలో శిక్షణ పొందుతున్న మావోరి సైనికుల నోట ప్రచారమైంది. రెండవది రెండవ ప్రపంచయుద్ధం ముగిసి మావోరి పటాలం ఇంటికి తిరిగివచ్చినప్పుడు స్వాగతం పలికిన పాట. ఎందరో బిడ్డలు ఇటలీలో, క్రీటులో, ఉత్తర ఆఫ్రికా ఎడారులలో మట్టిలో కలిసిపోగా, మిగిలినవారిని కౌగిలించుకొన్న పాట. ఇంతవరకు మావోరి పాట అంటే యాత్రికుల వినోదం కోసం గడ్డి లంగాలు కట్టుకొని పాడేది అని తెల్లవారి ఊహ. వీరు చక్కని సూట్లు తొడుక్కొని, అమెరికా తారల దర్జాతో నిలబడి, అదే మావోరి మాటలు పాడారు. రెండు జాతుల కుర్రకారూ ఆ రికార్డులు కొన్నారు.

ఆ రోజులలో ఇది చిన్న విషయం కాదు. అంతకు ముందు తరంలో బడిలో మావోరి మాట్లాడిన పిల్లవాణ్ణి కొట్టడం జరిగేది. తల్లిదండ్రులు కూడా ఇంగ్లీషు వస్తేనే అన్నం దొరుకుతుందన్న భయంతో ఇంట్లో తమ భాష మానుకొన్నారు. యుద్ధం తరువాత వేలాది కుటుంబాలు పల్లెలు వదిలి పట్టణాలకు పనులకోసం వచ్చాయి. అక్కడ పిల్లల చెవిన మావోరి మాట పడడమే గగనమైంది. అటువంటి కాలంలో రేడియో తిప్పగానే ఇంగ్లీషు పాటల నడుమ తమ అమ్మమ్మ పాడిన పాట వినిపించడం ఆ పిల్లలకు ఎలా ఉండి ఉంటుందో, సముద్రాలు దాటి వచ్చిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

1960లో హారీ మిల్లర్ అనే నిర్వాహకుడు ఏర్పాటు చేసిన పెద్ద ప్రదర్శన యాత్రలో ఈ బృందం ఊరూరా తిరిగింది. ఈ దేశంలో టెలివిజన్ ప్రసారాలు మొదలైనది ఆ సంవత్సరం జూన్ 1వ తేదీననే. కనుక జనం తారలను చూడాలంటే టౌన్ హాలుకు రావలసిందే. ఆ రోజులలో వారు పాడని ఊరు లేదు, నిండని హాలు లేదు అంటే అతిశయోక్తి కాదు.

నవ్వులో దాగిన ప్రశ్న

ఈ బృందానికి మరొక గుణం ఉన్నది. అది పేరడీ. మనకు జరుక్ శాస్త్రి గారి పుణ్యమా అని పేరడీ అంటే ఏమిటో వివరించనక్కరలేదు. ఈ విద్యలో జెరీ మెరిటో గట్టివాడు. అప్పట్లో అమెరికా యుద్ధాన్ని గురించిన ఒక పాట లోకమంతా మారుమోగుతూంటే, దాని వరుసను తీసుకొని 1863లో మొదలైన వైకాటో యుద్ధాన్ని గురించి హాస్యంగా మాటలు కట్టాడు. ఆ యుద్ధంలో బ్రిటిష్ సేనలు మావోరీల భూములమీద దండెత్తాయి. ఓడినవారి మనుమలు ఆ యుద్ధాన్ని పాటగా కట్టి, గెలిచినవారి మనుమల ముందు పాడి నవ్వించారు. అంతటి దుఃఖాన్ని నవ్వులాట చేయడమేమిటని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని ఆ రోజులలో పాఠ్యపుస్తకాలు ఆ యుద్ధాన్ని సరిగా చెప్పేవి కావు. ఒక యుద్ధం జరిగిందన్న మాటైనా ఇంటింటికీ తీసుకువెళ్ళినది ఆ పాటే.

రెండవ పాట పుకెకోహె పాట. దాని వెనుక ఉన్న సంగతి ఇది. న్యూజిలాండ్ జాతీయ రగ్బీ జట్టును ఆల్ బ్లాక్స్ అంటారు. వారు తొడుక్కొనే నల్లని దుస్తులను బట్టి ఆ పేరు. ఈ జట్టు దక్షిణాఫ్రికా పర్యటనకు వెళ్ళిన 1928లోను, 1949లోను మావోరి ఆటగాళ్ళను ఇక్కడే వదిలి వెళ్ళింది. దక్షిణాఫ్రికావారు తెల్లవారితో తప్ప ఆడరు. వారి మర్యాదను మన్నించాలి అని రగ్బీ పెద్దల వాదన. 1960 పర్యటనకు కూడా అదే నిర్ణయం జరిగింది. అయితే ఈసారి దేశం ఊరుకోలేదు. మావోరీలు లేకపోతే పర్యటనే వద్దన్న నినాదంతో ఉద్యమం లేచింది. సుమారు 24 లక్షల జనాభా ఉన్న దేశంలో 1,50,000 మందికి పైగా విజ్ఞాపన పత్రంమీద సంతకాలు చేశారు. అంతకు ముందు సంవత్సరమే, 1959లో, తె అరావా తెగకు చెందిన ప్రముఖ వైద్యుడు డాక్టర్ హెన్రీ బెన్నెట్‌కు పాపకురా ఊరి హోటలులో మావోరి అన్న కారణంతో పానీయం ఇవ్వ నిరాకరించారు. ఈ దేశంలో వర్ణభేదం లేదని చెప్పుకొనేవారికి అది తల కొట్టేసినట్టయింది.

దక్షిణాఫ్రికా అంటే మనకు పరాయి విషయం కాదు. 1860 నవంబరు 16న మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. ఆ ఓడతో మొదలై, తరువాతి యాభై ఏళ్ళలో వచ్చిన ఓడలలో విశాఖ, గోదావరి, ఆర్కాటు ప్రాంతాల తెలుగువారెందరో నేటాలు చెరకుతోటలకు కూలీలుగా వెళ్ళారు. సరిగ్గా నూరేళ్ళకు, 1960లో, వారి మనుమలు ఆ దేశంలో ఏ బల్లమీద కూర్చోవాలో, ఏ వీధిలో ఇల్లు కట్టాలో చట్టం నిర్ణయిస్తున్నది. మావోరి ఆటగాణ్ణి మైదానంలోకి రానివ్వని నియమమూ, మన నాయుడును, రెడ్డిని సముద్రపు ఒడ్డున తిరగనివ్వని నియమమూ ఒకే చెట్టు కొమ్మలు.

మెరిటో అప్పట్లో అందరి నోటా ఉన్న ఒక ఇంగ్లీషు హాస్యగీతం వరుస తీసుకొన్నాడు. చెత్త ఎత్తే తండ్రిని గురించి కొడుకు గొప్పలు చెప్పుకొనే పాట అది. దానిని మార్చి, ఆల్ బ్లాక్ అయిన తండ్రిని గురించి కొడుకు పాడుతున్నట్టు రాశాడు. తండ్రి మంచి ఆటగాడు. జట్టు చొక్కా తొడుక్కొన్నాడు. కాని ఈసారి తోటివారు ఆయనను వెంట తీసుకుపోలేరట. ఆల్ బ్లాక్ అన్న మాటకు ఒళ్ళంతా నల్లనివాడు అన్న అర్థం కూడా ఉన్నది గదా. ఆ రెండర్థాల నడుమ పాట ఊగుతుంది. ఆ పాటను గొంతెత్తి పాడినవాడు నిజంగానే మావోరి జట్టుకు ఆడిన తండ్రికి కొడుకు.

ఆ పాటలో తిట్టు లేదు, ఏడుపు లేదు. విన్నవారు నవ్వకుండా ఉండలేరు. నవ్విన తరువాత దేనికి నవ్వామో ఆలోచించకుండా ఉండడం కష్టం. రగ్బీ పెద్దల నిర్ణయాన్ని సమర్థించేవారి ఇళ్ళలో కూడా ఆ రికార్డు తిరిగింది. బుర్రకథలో హాస్యం చెప్పే వంత ఒకపక్క, రాజకీయం చెప్పే వంత మరొకపక్క ఉంటారు. పద్మశ్రీ షేక్ నాజర్ గారి దళం కథ విన్న పెద్దలకు ఆ రుచి తెలుసు. మెరిటో పాటలో ఆ ఇద్దరు వంతలూ ఒక్కడే అయినట్టు తోస్తుంది.

పాట జట్టును ఆపలేదు. ఆ సంవత్సరం ఆల్ బ్లాక్స్ మావోరీలు లేకుండానే వెళ్ళారు. కాని ఆ సంతకాలూ, ఆ సభలూ, ఆ పాటా వృథా పోలేదు. తెల్లవారి జట్టునే పంపమన్న షరతును ఒప్పుకోక 1967 పర్యటనను ఈ దేశమే రద్దు చేసుకొన్నది. 1970లో మావోరి ఆటగాళ్ళు వెళ్ళారు గాని, వారిని గౌరవ శ్వేతజాతీయులు అన్న వింత పేరుతో రానిచ్చారు. ఆ అవమానం పూర్తిగా తొలగడానికి 1981నాటి వీధి పోరాటాలు, చివరకు దక్షిణాఫ్రికాలోనే వర్ణవివక్ష అంతం కావడం అవసరమైనాయి.

బృందం విడిపోయిన తరువాత

1964 చివరికి క్వార్టెట్ విడిపోయింది. అప్పటికి ఆరేడేళ్ళుగా వారు ఊరినుండి ఊరికి తిరుగుతూనే ఉన్నారు. అదే కాలంలో బ్రిటన్ బీటిల్స్ ప్రభంజనం లోకాన్ని కమ్మివేసింది. సూట్లు తొడుక్కొని నలుగురు ఒక మైకు చుట్టూ నిలబడి పాడే కాలం వెనుకబడింది. హోవర్డ్ ఒంటరి గాయకుడుగా కొనసాగారు. 1966లో జాన్ ఓషే దర్శకత్వంలో వచ్చిన సంగీత చలనచిత్రంలో ఆయన నటించారు. తరువాత లోకప్రసిద్ధ గాయని అయిన కిరి తె కనావా అప్పటికి ఇంకా యువతి. ఆమె కూడా ఆ చిత్రంలో పాడింది. ఆ కాలంలో ఈ దేశంలో కథాచిత్రం రావడమే అపురూపం.

1978లో ఆయన జీవితం మరొక మలుపు తిరిగింది. మావోరి వ్యవహారాల శాఖ తు టంగట అనే కార్యక్రమం మొదలుపెట్టింది. నిటారుగా నిలబడు అని ఆ మాటకు అర్థం. హోవర్డ్ ఆ శాఖలో యువజన విభాగంలో చేరి బడులవెంట తిరిగారు. చదువు మధ్యలో మానుకొంటున్న మావోరి పిల్లలతో మాట్లాడారు. వేలమంది చప్పట్లు విన్న మనిషి ముప్పైమంది పిల్లలున్న గదిలో నిలబడి బడి మానవద్దని చెప్పడం వెనుక ఒక ఎరుక ఉన్నదనిపిస్తుంది. పాట పిల్లవాడి తల ఎత్తిస్తుంది. కాని తల ఎత్తిన పిల్లవాడికి చదువు, భాష, ఇంట్లో ఆదరణ కూడా కావాలి. అవి వేదికమీదినుండి అందవు. తరువాత 1982లో మావోరి పెద్దలు కొహంగ రెయో పేరుతో భాషా శిశుపాఠశాలలు స్థాపించారు. 1987లో మావోరి ఈ దేశపు అధికారభాష అయింది.

1981లో ఆక్లండ్‌లో ఎలిజబెత్ రాణి సమక్షంలో జరిగిన ప్రదర్శనలో హోవర్డ్ ఒక భక్తిగీతం పాడారు. ఫకారియా మై అనే ఆ గీతం స్వీడన్ దేశంలో పుట్టి, ఇంగ్లీషులోకి వచ్చి, మావోరిలో కొత్త మాటలు తొడుక్కొన్నది. ఆయన ఇంగ్లీషును, మావోరిని కలిపి పాడారు. మరుసటి సంవత్సరం ఆ రికార్డు దేశంలో మొదటి స్థానానికి చేరి నెలల తరబడి జనాదరణ పొందింది. రగ్బీ పర్యటన కారణంగా ఇళ్ళలో అన్నదమ్ములే రెండుగా చీలిపోయిన సంవత్సరంలో మొదలైన పాట అది. ఈనాటికీ ఈ దేశంలో పెళ్ళయినా చావయినా ఆ పాట వినిపిస్తుంది. ఇరవై ఏళ్ళ కిందట నవ్వించి ప్రశ్నించిన గొంతే ఇక్కడ అందరినీ ఒకచోట నిలబెట్టింది.

1990లో ఆయనకు సర్ బిరుదు లభించింది. 2009వ సంవత్సరం జనవరిలో జెరీ మెరిటో కన్నుమూశారు. అదే సంవత్సరం సెప్టెంబరు 24న, 74 ఏళ్ళ వయసులో, హోవర్డ్ కూడా వెళ్ళిపోయారు. ఓహినెముటులో తె పపైయౌరు మరయె ముంగిట ఆయన భౌతికకాయాన్ని ఉంచగా, వేలాది ప్రజలు వచ్చి కడసారి చూపు చూసుకొన్నారు. మావోరి ఆచారం ప్రకారం ఆ రోజులలో చనిపోయినవారిని ఒంటరిగా వదలరు. వచ్చిన ప్రతి బృందం మాట్లాడుతుంది; మాట తరువాత పాట పాడుతుంది. జీవితమంతా పాడిన మనిషికి అంతకంటె తగిన వీడ్కోలు ఏముంటుంది?

మనకు మిగిలేది

మనలో ఫిజీనుండి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి. వారి ముత్తాతలు 1903 తరువాత మద్రాసు ఓడలలో వెళ్ళి చెరకు నరికారు. 1926లో నాందీలో దక్షిణభారత సంగం స్థాపించుకొన్నారు. 1941లో ఆంధ్ర సంగం ఏర్పరచుకొని బడులు నడిపారు. ఇంత చేసినా మూడు తరాలకు ఇంటి భాష ఫిజీ హిందీ అయింది. తెలుగు భజనలలో మిగిలింది. మాటకు అర్థం తెలియకపోయినా తాళం తప్పకుండా రాముణ్ణి పాడే తాతలను మనం చూశాము. కొందరు ఇది చూసి జాలిపడతారు. నాకు మాత్రం అది జాలిపడవలసిన విషయంగా తోచదు. పాట ఉన్నది గనుకనే, ఈనాడు ఆ ఇంటి మనుమరాలు ఇక్కడ తెలుగు తరగతికి వచ్చి, మా తాత పాడిన దానికి అర్థమేమిటని అడుగుతున్నది. పాట తలుపు తెరిచి ఉంచింది. లోపలికి తీసుకువెళ్ళడం మన పని.

మన ఉత్సవాలలో పిల్లలు ఇంగ్లీషు అక్షరాలలో రాసుకొన్న తెలుగు పాటలు చదివి పాడుతారు. పలుకు తప్పిందని మనం మొదటి వరుసలో కూర్చుని ముఖం చిట్లిస్తాము. హోవర్డ్ బృందం మొదటి రికార్డులో పాడినవి అమెరికావారి పాటలు. ఆ అనుకరణనుండే రెండేళ్ళలో తమ మాట, తమ హాస్యం, తమ బాధ బయటికి వచ్చాయి. మన పిల్లలకు కూడా అంత వ్యవధి ఇవ్వాలి. ఏదో ఒకనాడు వారిలో నలుగురు చేరి, ఈ దేశపు వరుసకు తెలుగు మాటలు కట్టి, తమకు జరిగిన ఒక అన్యాయాన్ని నవ్వుతూ పాడితే, మనం ముందు వరుసలో కూర్చుని నవ్వి, ఆ తరువాత ఆలోచించాలి.

ఈసారి రోటొరువా వెళ్ళినప్పుడు ఆవిరులు, బురద గుంటలు చూసి తిరిగి రాకండి. సరస్సు ఒడ్డున ఓహినెముటు పల్లెలోకి నడవండి. అక్కడి చర్చి కిటికీ అద్దంమీద మావోరి దుప్పటి కప్పుకొన్న ఏసుక్రీస్తు సరస్సు నీటిమీద నడుస్తున్నట్టు కనిపిస్తాడు. వేరే దేశంనుండి వచ్చిన దేవుణ్ణి తమ బట్ట కట్టి తమ నీటిమీద నడిపించుకొన్న మనుషుల ఊరు అది. వేరే దేశంనుండి వచ్చిన పాటకు తమ మాట తొడిగిన హోవర్డ్ మారిసన్ ఆ ఊరివాడు. పిల్లల చేతులు పట్టుకొని ఆ సంగతి వారికి తెలుగులో చెప్పండి.